రొద లేని పెడల్‌బోర్డు: ఒక ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు: ఏం కావాలి, ఎందుకు

గిటార్ ధ్వనిని మార్చడానికి కాలితో తొక్కే ఎనిమిది పెడళ్లను ఒకే పలక మీద బిగించి, గిటార్ కేబుల్, మిక్సర్‌కు వెళ్లే కేబుల్, కరెంటు తీగ తగిలించగానే వాయించడానికి సిద్ధంగా ఉండే పెడల్‌బోర్డును తయారు చేయాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఇది ముఖ్యంగా సికింద్రాబాద్‌లో మా బృందం ఆదివారం ఉదయం వాయించే చర్చి కోసం, అప్పుడప్పుడు బయటి వేదికల కోసం. చర్చిలో గిటార్ యాంప్లిఫయర్ ఉండదు; ధ్వని నేరుగా మిక్సర్‌లోకి, అక్కడి నుంచి హాలు స్పీకర్లలోకి వెళుతుంది. బోర్డు చివర ఏముండాలో, రొద విషయంలో ఎంత కఠినంగా ఉండాలో ఈ ఒక్క విషయమే తేల్చేస్తుంది. డ్రమ్స్ పక్కన యాంప్ పెట్టుకొని వాయించేటప్పుడు ఎవరూ పట్టించుకోని చిన్న మోత, ప్రార్థన వేళ హాలంతా మౌనంగా ఉన్నప్పుడు వెనుక వరుస దాకా వినిపిస్తుంది.

పెడల్‌బోర్డు అనగానే ఏ కంపెనీ ఓవర్‌డ్రైవ్ మంచిది, ఏ డిలే కొనాలి అన్న చర్చే ఎక్కువగా సాగుతుంది. నా మటుకు నాకు పెడళ్ల ఎంపిక ఇందులో తేలికైన భాగం. కరెంటు, ఎర్త్, కేబుళ్లు సరిగా కుదరకపోతే ఎంత ఖరీదైన పెడల్ అయినా తన గుణం చూపించలేదు. అందువల్ల ఈ డైరీలో ఎక్కువ చోటు వాటికే ఇస్తున్నాను.

చేతిలో ఉన్నవి ఫజ్ (ధ్వనిని బాగా నలిపి గరుకు చేసేది), వా (కాలితో వంచుతుంటే ధ్వని 'వా' అన్నట్లు మారేది), ట్యూనర్ (శ్రుతి చూసేది), ఓవర్‌డ్రైవ్ (ధ్వనిని కాస్త నలిపేది), కోరస్ (ఒక గిటార్‌ను పలు గిటార్లలా వినిపించేది), డిలే (ప్రతిధ్వని ఇచ్చేది), రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్లు చేసేది), క్యాబినెట్ సిమ్యులేటర్ (గిటార్ యాంప్ స్పీకర్ పెట్టెను అనుకరించేది). గిటార్‌లో ఉన్నవి మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి). అంటే గాలిలోని అయస్కాంత రొదనంతా పట్టుకునే రకం.

పెడళ్ల వరుస

గిటార్ నుంచి బయలుదేరిన సంకేతం మొదట ఫజ్‌లోకి, తరువాత వా, ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, కోరస్, డిలే, రివర్బ్‌ల గుండా సాగి చివర క్యాబినెట్ సిమ్యులేటర్ నుంచి బయటికి వెళ్లాలని నిర్ణయించాను. డిస్టార్షన్ (ధ్వనిని నలిపే పెడళ్లు) ముందు, డిలే తరువాత అన్న నియమం అందరికీ తెలిసినదే. డిలే ముందుంటే, ఒకదాని మీద ఒకటి పడే ప్రతిధ్వనులన్నీ కలిసి డిస్టార్షన్‌లో నలిగి ముద్దగా వస్తాయి. వెనుక ఉంటే నలిగిన ధ్వనే స్పష్టంగా మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

ఫజ్‌ను అన్నిటికంటే ముందు పెట్టడానికి కారణం వేరు. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ తెచ్చిన ఫజ్ ఫేస్ తరహా సర్క్యూట్‌కు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే నిరోధం) చాలా తక్కువ. పికప్‌కూ దానికీ మధ్య నేరు సంబంధం ఉన్నప్పుడే, గిటార్ వాల్యూమ్ మీట కాస్త తగ్గించగానే ఫజ్ కరిగి శుభ్రమైన ధ్వనిగా మారే గుణం కనిపిస్తుంది. మధ్యలో బఫర్ (పికప్‌ను తరువాతి భారం నుంచి వేరు చేసే సర్క్యూట్) ఉన్న పెడల్ వస్తే ఆ గుణం పోయి ధ్వని గరుకుగా, పదునుగా మిగులుతుంది. నా ట్యూనర్‌లో బఫర్ ఉంది కాబట్టి అది ఫజ్‌కు వెనుకే ఉండాలి.

ఫజ్‌లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లా, సిలికాన్‌వా అన్న ప్రశ్నకు మన ఎండలే జవాబు చెప్పాయి. వేడి పెరిగేకొద్దీ జెర్మేనియంలో లీకేజీ కరెంటు వేగంగా పెరిగి బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే మట్టం) జారిపోతుంది. జనవరి ఉదయం తీయగా పలికిన పెడల్, మే నెలలో 40 డిగ్రీలు దాటిన హైదరాబాద్ మధ్యాహ్నం తెగిపోతూ ఉమ్మినట్లు పలుకుతుంది. పైగా పాత జెర్మేనియం ఫజ్‌లు చాలావరకు పాజిటివ్ గ్రౌండ్‌వి, అంటే వాటిలో ఉమ్మడి తీగకు కలిసేది పాజిటివ్ వైపు. వాటిని తక్కిన పెడళ్లతో ఒకే కరెంటు తీగ మీద కలిపితే సప్లై షార్ట్ అవుతుంది. ఈ రెండు తలనొప్పులూ అక్కరలేదని సిలికాన్ రకమే ఉంచుకున్నాను. ఆరాధనలో ఫజ్ ఎందుకని మా బృందంలో కొందరు అడుగుతూనే ఉంటారు. దానికి నా దగ్గర గట్టి సమాధానమేమీ లేదు, బయటి వేదికల కోసమని చెప్పి తప్పించుకుంటున్నాను.

జూన్ మొదటి వారం: పలక

కాంపాక్ట్ పెడళ్లలో బాస్ కంపెనీ కొలతలే చాలామందికి ప్రమాణం: వెడల్పు 73 మి.మీ., పొడవు 129 మి.మీ. జాక్‌లు పక్కలకు ఉంటాయి కాబట్టి రెండు పెడళ్ల మధ్య పిన్నులకు చోటు వదలాలి. చదునైన పిన్నులు వాడితే 30 మి.మీ. సరిపోతుంది. నాలుగు పెడళ్లకు 292 మి.మీ., మధ్య సందులకు 90 మి.మీ., మొత్తం 382 మి.మీ. కుడి చివర 102 మి.మీ. వెడల్పు, 254 మి.మీ. పొడవు ఉన్న వా పెడల్ రెండు వరుసలనూ ఆక్రమిస్తుంది. ఈ లెక్కన 55 సెం.మీ. వెడల్పు, 32 సెం.మీ. లోతు ఉంటే ముందు వరుసలో ఫజ్, ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, కోరస్, వెనుక వరుసలో డిలే, రివర్బ్, సిమ్యులేటర్ ఇరుకు లేకుండా కూర్చుంటాయి. స్కూటర్ మీద వీపుకు తగిలించుకొని వెళ్లాలి కాబట్టి అంతకంటే పెద్దది చేయదలచుకోలేదు.

12 మి.మీ. ప్లైవుడ్‌ను దుకాణంలోనే కొలతకు కోయించాను. వెనుక అంచు ముందు అంచుకంటే ఎత్తుగా ఉండేలా, రాణిగంజ్‌లో కొన్న అల్యూమినియం యాంగిల్ ముక్కలను కాళ్లుగా బిగించాను. ఆ వాలు లేకపోతే వెనుక వరుస స్విచ్‌ను తొక్కబోయి బూటు అంచుతో ముందు పెడల్ మీటలను తిప్పేయడం ఖాయం. వెనుక వరుస కింద మూడు పెద్ద రంధ్రాలు చేసి కరెంటు తీగలు కిందికి దిగేలా ఏర్పాటు చేశాను. పలక మీద వెల్క్రో మెత్తని వైపు, పెడళ్ల కింద గరుకు వైపు అంటించాను. పెడల్ అడుగున రబ్బరు పొర ఉంటే దాని మీద వెల్క్రో నిలవదు. పొర తీసి, జిగురు మరకలను స్పిరిట్‌తో తుడిచి, అప్పుడు అంటించాలి. వా పెడల్ ఒక్కటే ఒకటిన్నర కిలోకు పైగా బరువుంటుంది, పైగా కాలి ఒత్తిడి అంతా దాని మీదే పడుతుంది కనుక దాన్ని వెల్క్రోకు వదలకుండా స్క్రూలతో బిగించాను.

జూన్ నడుమ: కరెంటు

మన దగ్గర అందరూ పట్టే చౌక దారి ఏమిటంటే, ఒకే 9 వోల్టుల అడాప్టర్ నుంచి వరుసగా పిన్నులున్న తీగ లాగి పెడళ్లన్నిటికీ తగిలించడం. ఫజ్, ఓవర్‌డ్రైవ్ వంటి అనలాగ్ పెడళ్లకు ఇది చాలు. ఒక్కొక్కటి కొద్ది మిల్లీయాంపులే తీసుకుంటుంది. డిజిటల్ పెడళ్లు అదే తీగ మీదికి వచ్చినప్పుడు పరిస్థితి మారుతుంది. వాటి లోపలి గడియారపు సంకేతాలు ఉమ్మడి గ్రౌండ్ తీగలోకి దిగి, ఓవర్‌డ్రైవ్ దగ్గర పదింతలు, వందింతలు పెరిగి సన్నని కూతగా బయటపడతాయి. అందుకే అవుట్‌పుట్లు ఒకదానితో ఒకటి విద్యుత్ సంబంధం లేకుండా ఉండే సప్లై కావాలి. అటువంటివి బజారులో మంచివే ఉన్నాయి గాని ధర ఎక్కువ. లోపల ఉన్నదేమిటో తెలిసినప్పుడు స్వయంగా కట్టుకోవడం నాకు ఇష్టమైన పని.

కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, 7809 రెగ్యులేటర్లు (వోల్టేజీని 9 దగ్గర నిలకడగా ఉంచేవి) తెచ్చాను. ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మర్‌కు సొంత బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల అమరిక), సొంత రెగ్యులేటర్. ఫజ్, వా, ఓవర్‌డ్రైవ్, కోరస్‌లకు కలిపి ఒక అవుట్‌పుట్, ట్యూనర్‌కు ఒకటి, డిలేకు ఒకటి, రివర్బ్‌కు ఒకటి. సిమ్యులేటర్ తీసుకునే కరెంటు ఎక్కువ కాబట్టి దానితో వచ్చిన అడాప్టర్‌నే ఉంచాను.

ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టులదా, 15 వోల్టులదా అన్న దగ్గర కాస్త లెక్క వేయవలసి వచ్చింది. 7809 సరిగా పనిచేయాలంటే దానికి కనీసం 11 వోల్టులు అందాలి. 230 వోల్టుల సరఫరా ఉన్నప్పుడు 12 వోల్టుల చుట్ట నుంచి డయోడ్ల తరువాత 15.5 వోల్టులకు పైగా వస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. అయితే ఊరి బయట ఫంక్షన్ హాళ్లలో సాయంత్రం సరఫరా 180 వోల్టులకు పడిపోయిందనుకుంటే అదే చుట్ట ఇచ్చేది 9.4 వోల్టులు, డయోడ్ల తరువాత 11.9, అందులో 100 మిల్లీయాంపుల భారానికి కెపాసిటర్ దగ్గర సుమారు ఒక వోల్టు రిపుల్ (డీసీలో మిగిలే హెచ్చుతగ్గులు) పోగా అడుగు మట్టం 10.9కి దిగుతుంది. అంటే సెకనుకు వంద సార్లు రెగ్యులేటర్ చేతులెత్తేసి, ఆ రిపుల్‌ను పెడళ్లలోకి వదులుతుంది. 15 వోల్టుల చుట్టకు ఇదే స్థితిలో 14 వోల్టులు మిగులుతాయి. మామూలు సరఫరా ఉన్నప్పుడు రెగ్యులేటర్ ఒక వాట్ దాకా వేడిగా వదులుతుంది, దానికి చిన్న అల్యూమినియం రేకు బిగిస్తే చాలు. 15 వోల్టులవే తీసుకున్నాను.

పిన్నుల విషయంలో గట్టి జాగ్రత్త అవసరం. గిటార్ పెడళ్లలో వాడుకలో ఉన్న పద్ధతి మధ్య పిన్ను నెగటివ్, బయటి భాగం పాజిటివ్. ఇంట్లో పడి ఉండే రౌటర్ అడాప్టర్లు చాలావరకు దీనికి తలకిందులు. ప్రతి తీగనూ పెడల్‌కు తగిలించే ముందు మల్టీమీటర్‌తో చూసి, తెల్ల టేపు మీద పెడల్ పేరు రాసి చుట్టాను. 230 వోల్టుల భాగాన్ని లోహపు డబ్బాలో పెట్టి, ఫ్యూజ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ బిగించి, డబ్బాను ఎర్త్‌కు కలిపాను. ఆ భాగం మూత వేయక ముందు కాలనీ ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి సరిచూయించాను.

జూన్ చివర: కేబుళ్లు, బఫర్

కేబుల్ అంటే పొడవాటి కెపాసిటర్ అని గుర్తుపెట్టుకుంటే చాలా సంగతులు తేలికవుతాయి. నేను వాడే తీగకు మీటరుకు 120 పికోఫారడ్లు. గిటార్ నుంచి బోర్డుకు 5 మీటర్లు, బోర్డు మీద చిన్న కేబుళ్లు అన్నీ కలిపి ఒకటిన్నర మీటరు, వేదిక మీది బాక్సుకు 8 మీటర్లు. బఫర్ లేకుండా ఇవన్నీ పికప్ మీదే పడితే మొత్తం 1,740 పికోఫారడ్లు. నా పికప్‌ల ఇండక్టెన్స్ దాదాపు 2.4 హెన్రీలు; ఆ రెండూ కలిసి అనునాదం చెందే చోటు 2,450 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, దానిపైన ధ్వని దిగిపోతుంది. మొదటి 5 మీటర్ల కేబుల్ మాత్రమే పికప్ మీద పడితే అదే చోటు 4,200 హెర్ట్జ్ దాకా వెళుతుంది. గిటార్ గొంతుకు దుప్పటి కప్పినట్లున్న ధ్వనికీ, తీగ మీద పిక్ తగిలే చప్పుడు కూడా తెలిసే ధ్వనికీ ఉన్న తేడా అదే.

పెడళ్లన్నీ ట్రూ బైపాస్ కావాలన్న పట్టుదల మంచిది కాదని చెప్పడానికి ఈ లెక్క చాలు. ట్రూ బైపాస్‌లో స్విచ్ ఆపగానే పెడల్ సర్క్యూట్ పక్కకు తప్పుకుంటుంది గాని కేబుల్ భారం పికప్ మీదే ఉంటుంది. 1970ల నుంచి ఇంగ్లండ్‌లో పేరున్న గిటారిస్టులకు బోర్డులు కట్టిన పీట్ కార్నిష్ బఫర్‌ల మీదే ఆధారపడ్డాడు. నా బోర్డులో ఫజ్, వా దాటిన వెంటనే ట్యూనర్‌లో ఉన్న బఫర్ ఆ పని చేస్తుంది.

చిన్న కేబుళ్లను నేనే సోల్డర్ చేశాను. సోల్డరింగ్ అక్కరలేని పిన్నులు కూడా దొరుకుతాయి, పని త్వరగా అవుతుంది, కానీ స్కూటర్ కుదుపులకు వాటి మీద నాకు నమ్మకం తక్కువ. కొలత తీసేటప్పుడు పెడల్‌ను వెల్క్రో నుంచి పైకి లేపగలిగేంత వదులు ఉంచాలి. బిగుతుగా కోసిన కేబుల్ అందంగా కనిపించినా పిన్ను దగ్గర త్వరగా తెగుతుంది. సంకేతపు తీగలు పలక పైన, కరెంటు తీగలు పలక కింద నడిచాయి. రెండూ దాటవలసిన చోట అడ్డంగా దాటించాను, పక్కపక్కన కట్టలేదు.

జూలై: స్విచ్ వేసిన తరువాత

ఇంట్లో అన్నీ కలిపి హెడ్‌ఫోన్స్‌లో వింటే కోరస్, డిలే, రివర్బ్ నిశ్శబ్దంగా ఉన్నాయి. వా తొక్కితే మాత్రం గుయ్‌మంటూ మోత, మడమ వైపు వంచితే బరువుగా, వేళ్ల వైపు వంచితే పదునుగా. గిటార్ వాల్యూమ్ సున్నా చేసినా తగ్గలేదు కాబట్టి తప్పు పికప్‌లది కాదు. వా లోపల అర హెన్రీకి అటూ ఇటుగా ఉండే ఇండక్టర్ ఒకటి ఉంటుంది. వా స్వరమే ఈ ఇండక్టర్ మీద ఆధారపడి ఉంది. ఇది చుట్టుపక్కల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని చక్కగా పట్టుకుంటుంది. సప్లై డబ్బా అప్పటికి పలక కింద నడుమ ఉంది. అటువంటి క్షేత్రం దూరపు ఘనంతో తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు. డబ్బాను ఎడమ చివరకు జరిపి, 90 డిగ్రీలు తిప్పాను. మోత వినిపించనంతగా తగ్గిపోయింది.

రొద ఎక్కడిదో కనిపెట్టడానికి దాని స్వరం బాగా పనికొస్తుంది. మన సరఫరా 50 హెర్ట్జ్. ఎర్త్ లోపం, అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే మోతలో ఆ 50 హెర్ట్జ్ ప్రధానంగా వినిపిస్తుంది. రెక్టిఫయర్ రిపుల్ 100 హెర్ట్జ్. లావు తీగ మూడో ఫ్రెట్ మీద వచ్చే జి స్వరం 98 హెర్ట్జ్ కాబట్టి, రెండోరకం రొద ఆ జి కంటే అర్ధస్వరంలో మూడో వంతు పైన పలుకుతుంది. ఫోన్‌లోని ట్యూనర్‌కు వినిపిస్తే జి చూపించి, ముల్లు కొంచెం కుడికి వంగుతుంది. మా గదిలో పాత ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడు సింగిల్ కాయిల్ పికప్‌లలో వచ్చే బర్రుమనే చప్పుడు ఈ రెంటికీ భిన్నం. పై స్వరాలతో నిండి ఉంటుంది, గిటార్‌ను కుడి ఎడమలకు తిప్పితే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దానికి బోర్డులో చేయగలిగింది ఏమీ లేదు. వాయించేటప్పుడు ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెట్టడమో, ఆపడమో చేయాలి.

జూలై చివరి ఆదివారాలు: హాలులో ఎర్త్

ఇంట్లో శుభ్రంగా ఉన్న బోర్డు హాలులో మళ్లీ మోగింది. చేయి తీగల మీద ఉంచితే తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. ఎర్త్ అందడం లేదేమోనని అనుమానం వచ్చింది. మల్టీమీటర్‌తో చూస్తే గోడ సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టులు వస్తున్నాయి గాని, వేదిక మీదికి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఏమీ రావడం లేదు. విప్పి చూస్తే మూడు రంధ్రాల సాకెట్లకు రెండు తీగలే వచ్చాయి. మూడు తీగల కేబుల్‌తో కొత్త బాక్సు కట్టించాక చేయి తీసినా పెట్టినా ఒకటే అయింది.

మిగిలిన సన్నని మోత గ్రౌండ్ లూప్. బోర్డుకు వేదిక సాకెట్ నుంచి ఒక ఎర్త్, కేబుల్ కవచం ద్వారా మిక్సర్ నుంచి ఇంకొక ఎర్త్ అందుతున్నాయి. ఆ చుట్టులో ప్రవహించే కరెంటు మోతగా వినిపిస్తుంది. మిక్సర్ దగ్గర కూర్చునే తమ్ముడు "అన్నా, ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేద్దాం, పోతుంది" అన్నాడు. మోత పోతుంది, నిజమే. కానీ సప్లై డబ్బాలో ఎక్కడైనా ఫేజ్ తీగ లోహానికి తగిలితే, గిటార్ తీగలు పట్టుకొని మైకుకు పెదవి తగిలించినవాడి గతేమిటి? ఎర్త్ పిన్ను జోలికి ఎప్పుడూ వెళ్లకూడదు. తెంచవలసింది సంకేతపు కేబుల్ కవచాన్ని. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డి.ఐ. బాక్సులో (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్లు మార్చే పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ మీట ఆ పనే చేస్తుంది. దాన్ని వేశాక హాలు స్పీకర్లలో వినిపించడానికి ఏమీ మిగల్లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు మాత్రం పదునైన బర్రు వస్తోంది. అక్కడున్నది స్క్వేర్ వేవ్ రకం. సైన్ వేవ్ ఇన్వర్టర్ కొనే విషయం పెద్దల ముందుంది.

ఆగస్టు: స్వరం, సమయం

క్యాబినెట్ సిమ్యులేటర్ లేకుండా ఓవర్‌డ్రైవ్‌ను నేరుగా మిక్సర్‌లోకి పంపితే రేకు మీద ఇసుక రాలుతున్నట్లు వినిపిస్తుంది. పన్నెండు అంగుళాల గిటార్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక చాలా తక్కువే పలుకుతుంది. మన చెవికి అలవాటైన ఓవర్‌డ్రైవ్ ధ్వని సగం ఆ కోత వల్ల వచ్చినదే. హాలు స్పీకర్లకు ఆ మొహమాటం లేదు కాబట్టి సిమ్యులేటర్ కోయాలి. దానిలో పై కోతను 4,800 దగ్గర, కింది కోతను 90 దగ్గర పెట్టాను. కింద అంతకంటే వదిలితే బేస్ గిటార్‌తో కలిసి హాలు గుమ్మంటోంది.

డిలే సమయాలను పాట నడకను బట్టి లెక్కించుకొని సిద్ధం చేశాను. నాలుగు దెబ్బల నడకలో, నిమిషానికి 72 దెబ్బలైతే ఒక దెబ్బ 833 మిల్లీసెకన్లు. అందులో ముప్పాతిక, అంటే 625 పెడితే ఇప్పటి ఆరాధన పాటల్లో తరచుగా వినిపించే ఆ పరుగెత్తే ప్రతిధ్వని వస్తుంది. కానీ మేము పాడే తెలుగు కీర్తనల్లో చాలావాటి నడక తిశ్రం. వాటిలో ముప్పాతిక లెక్క పెడితే ప్రతిధ్వని ప్రతిసారీ తాళానికి అడ్డం పడుతుంది. దెబ్బను మూడు భాగాలు చేసి ఒక భాగమో, రెండు భాగాలో పెట్టాలి. నిమిషానికి 60 దెబ్బల కీర్తనకు 333 లేదా 667 మిల్లీసెకన్లు. నేను 667 ఉంచి, మళ్లీ పలికే సార్లు రెండుకు మించకుండా తగ్గించాను. గాయకురాలు గమకం తీసేచోట గిటార్ ప్రతిధ్వని అడ్డు రాకూడదు.

ఇప్పటికి ఉన్న స్థితి

బోర్డు పని చేస్తోంది. సంచిలో రెండు అదనపు చిన్న కేబుళ్లు, ఒక ఫ్యూజ్, స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ ఉంటున్నాయి. వానల్లో స్కూటర్ ప్రయాణానికి సంచి మీద రెక్సిన్ తొడుగు కుట్టించాలి. వా పెడల్ వంచినప్పుడు గరగరలాడుతోంది. దాని 100 కిలో ఓమ్ పాట్‌ను (పెడల్‌తో పాటు తిరిగే నిరోధకం) శుభ్రం చేసి చూస్తాను, లొంగకపోతే మారుస్తాను. కోరస్‌ను ఓవర్‌డ్రైవ్‌కు ముందు పెడితే ఎలా ఉంటుందో వినాలని ఉంది, కాకపోతే దానికి రెండు కేబుళ్లు కొత్త కొలతలకు కట్టాలి. ఆ పని వచ్చే నెలకు పెట్టుకున్నాను.